పొలమారితే ఎవరో తలుచుకున్నట్టేనా?

మామగారికి పక్షవాతం వచ్చి మూడు నెలలు. కోడలు దిండు మీద దిండు వేసి, ఆయన్ని సగం పడుకోబెట్టి గ్లాసుతో మంచినీళ్లు పడుతోంది. రెండో గుక్కకే పొలమారింది. కళ్లనీళ్లు వచ్చేలా దగ్గుతున్న ఆయన మాడు మీద మెత్తగా తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు మామయ్యా, హైదరాబాదులో మీ అబ్బాయేనేమో" అంది. నేను వెళ్లింది యూరిన్ ట్యూబు మార్చడానికి. ట్యూబు సంగతి పక్కనపెట్టి అడిగాను, ఇలా ఎన్నిసార్లు అవుతోందని. రోజూ అంతేనట.

పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకీ, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లకీ మింగే కండరాలు వేళకి కదలవు. నీళ్లు చప్పున జారిపోతాయి కాబట్టి గొంతులో మూత పడేలోపే ఊపిరిగొట్టంలోకి దిగుతాయి. వాటి వెంట నోట్లోని క్రిములు. నాలుగు రోజులకి జ్వరం, ఆయాసం. "చల్లగాలి తగిలింది" అంటాం, ఎక్స్‌రే తీస్తే న్యుమోనియా. కొందరికి దగ్గు కూడా రాదు, తిన్నాక గొంతు గరగరలాడుతుందంతే.

అందుకే నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి. చిన్న చెంచాతో, ఒక ముద్ద పూర్తిగా దిగాకే రెండోది. తిన్నాక కనీసం అరగంట పడుకోనివ్వకూడదు. ఇలాంటివాళ్లలో చాలామందికి పల్చటి నీళ్లకన్నా చిక్కటి జావే భద్రంగా దిగుతుంది. ఈ మాట చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. ఎంత చిక్కగా ఉండాలో, తల ఎలా వంచాలో స్పీచ్ థెరపిస్టు చూసి చెప్పాలి. మాటలు నేర్పేవాళ్లకి మింగడంతో పనేమిటంటారేమో, నాలుకా గొంతూ రెండు పనులకీ అవే కదా.

దీర్ఘకాలపు జబ్బులున్న పెద్దవాళ్ల ఇళ్లలో ఇలాంటి మాటలు చాలా వింటుంటాను. తప్పుడు మాటలని కాదు నా బాధ. ఆ మాట అనేశాక ఇంకెవరూ మనిషి వంక చూడరు.

"చాదస్తం ముదిరింది"

ఒక పెద్దావిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. మొన్నటిదాకా పాలవాడి లెక్క వేళ్ల మీద చెప్పిన మనిషి, సోమవారం సాయంత్రం నుంచి కొడుకుని పట్టుకుని "నువ్వెవరు బాబూ" అంటోంది. గోడ మీద చీమలు పాకుతున్నాయంటోంది, అక్కడ ఏమీ లేవు. పొద్దున కాస్త మామూలుగా, సందెవేళకి మళ్లీ అదే వరస. ఇంట్లో సగం మంది వయసు అన్నారు, సగం మంది గాలి సోకిందన్నారు.

మతిమరుపు జబ్బు నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో మనిషి మారిపోతే అది వేరు. మన పాతవాళ్లు దాన్నే సంధి ప్రేలాపన అనేవారు. దాని వెనక దాదాపు ఎప్పుడూ ఏదో ఒంటి కారణం ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ (పెద్దవయసులో జ్వరం లేకుండానే రావచ్చు), బీపీ కోసం వాడే నీళ్ల మాత్రలతో సోడియం పడిపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్ర, చివరికి కళ్లజోడో చెవి మిషనో ఎక్కడో పెట్టి మరిచిపోవడం కూడా దాన్ని పెంచుతుంది. పెద్దావిడకి తేలింది సోడియం. ఆసుపత్రిలో నెమ్మదిగా సరిచేశారు, వారంలో మళ్లీ పాలవాడితో తగువు మొదలుపెట్టింది.

షుగరు మందులు వాడేవాళ్లయితే అన్నిటికన్నా ముందు గ్లూకోమీటరు తియ్యాలి. 70 కన్నా తక్కువుంటే, మింగగలిగే స్థితిలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పదిహేను నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం చుక్క కూడా పోయకూడదు. 108కి ఫోన్ చెయ్యడమే.

"రోజూ పౌడరు వేస్తూనే ఉన్నాం"

పడకపుండు చూపించేటప్పుడు ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది. పుండు పౌడరు లేక రాలేదు. ఎముకకీ పరుపుకీ మధ్య చర్మం నలిగి, రక్తం అందక చచ్చిపోయింది. పౌడరు చెమటతో కలిసి గడ్డకట్టి గరుకవుతుంది. స్పిరిట్ రుద్దితే చర్మం ఎండి పగులుతుంది. ఎర్రబడిన చోట మర్దన చేస్తే లోపలి కండ ఇంకా చితుకుతుంది. గాలి ఊదిన రబ్బరు చక్రం మీద కూర్చోబెడితే అంచు పొడవునా ఒత్తిడి పడి మధ్యలోకి రక్తం రావడం తగ్గుతుంది. ఈ నాలుగూ నేను శిక్షణలో ఉన్న రోజుల్లో వార్డుల్లో చేసినవే, చేయమని చెబితే చేసినవే.

చూడాల్సిన చోట్లు పిరుదుల పైన నడుము ఎముక, తుంటి, మడమలు, మోచేతులు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. తెల్లబడకపోతే లోపల పాడవడం మొదలైనట్టే. మన రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు, వేడిగా ఉందా, గట్టిపడిందా అని చేత్తో తడిమి చూసుకోవాలి. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. కిందికి జారిన మనిషిని చంకల్లో చేతులేసి ఈడ్వకుండా, ఇద్దరు కలిసి దుప్పటితో ఎత్తి జరపాలి. ఎయిర్ బెడ్ కొనేశాం కదా అంటారు. మంచిదే, కానీ అది పక్క మార్చదు.

"ఇన్సులిన్ దాకా వచ్చిందంటే ఇక ఆఖరే"

1922 జనవరిలో టొరంటోలో మొదటిసారి ఇన్సులిన్ తీసుకున్న లెనార్డ్ థాంప్సన్ చావుబతుకుల్లో ఉన్న పద్నాలుగేళ్ల కుర్రాడు. ఆ తర్వాత పదమూడేళ్లు బతికాడు. ఆఖరి మెట్టు అన్నది భయం పుట్టించిన మాట. అసలు జాగ్రత్త సిరంజి దగ్గర. మన దగ్గర ఎక్కువగా దొరికే సీసాల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, వాటికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, వాటికి నారింజ మూత సిరంజి. 100 రకం మందుని ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. ఎనభై ఏళ్ల మనిషికి తెల్లారేసరికి స్పృహ తప్పడానికి అది చాలు. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ లేబుల్ మీద అంకెనీ సిరంజి మీద అంకెనీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఉప్పు గురించి ఒక మాట. బీపీ ఉన్న ఇంట్లో సైంధవ లవణం వాడుతున్నామని ధీమాగా చెబుతారు. అది కూడా సోడియం క్లోరైడే. షాపులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం కలుపుతారు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి అది ప్రమాదం. ఆవకాయ సంగతి నేను చెప్పను, మీకే తెలుసు.

"కాలు కింద పెట్టనివ్వం"

ఇది గొప్పగా చెప్పుకునే మాట. గుండె జబ్బనీ, కీళ్లనొప్పులనీ మంచం దగ్గరికే అన్నీ అందిస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన అధ్యయనం 2007లో అమెరికాలో వచ్చింది. కాళ్లలో కండ దాదాపు కిలో పోయింది. జబ్బు లేనివాళ్లకే అలా ఉంటే, ఉన్నవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు. ఆ కండ పోయాక బాత్రూముకి వెళ్లబోయి పడతారు, తుంటి విరుగుతుంది. డాక్టరు వద్దన్న రోజులు తప్ప మిగతా రోజుల్లో లేపి కూర్చోబెట్టాలి, నడిపించాలి, చేయగలిగిన పని చేయనివ్వాలి. లేచేటప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని లేస్తే బీపీ ఒక్కసారిగా పడి తల తిరగకుండా ఉంటుంది.

పాలవాడితో తగువాడే పెద్దావిడ ఇప్పుడు రోజూ వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అత్తగారిచేత పని చేయిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని కోడలికి మొదట్లో బెంగ. మొన్న వెళ్తే భోజనం పెట్టారు. కూరలో రెండు చోట్ల పీచు తగిలింది. పెద్దావిడ నా వైపే చూస్తోంది. ఇంకాస్త కూర వెయ్యమన్నాను.