పసివారి కండర క్యాన్సరు: జన్యువుల తారుమారు

పసివారికి రాచపుండు వచ్చినదన్న, తెలుగు కుటుంబములలో బంధువులు వేయు తొలి ప్రశ్న యొకటి కలదు: "ఇది ఎవరి వైపునుండి వచ్చినది?" ఆ నింద తరచుగా తల్లిమీదనే పడును. మేనరికమైనచో ఇరువైపులవారును తలవంచుకొందురు. రాబ్డోమయోసార్కోమా అను కండరజాతి క్యాన్సరు విషయమున ఈ నింద చాలవరకు నిరాధారమని జన్యుశాస్త్రము చెప్పుచున్నది.

ఇందు ఆల్వియోలార్ అను రకము మిక్కిలి తీవ్రమైనది. మానవకణమున 23 జతల క్రోమోసోములు కలవు. రెండవదానిపై నుండు పాక్స్-3 అను జన్యువు, గర్భస్థ శిశువునకు కండరములు ఏర్పడు దశలో ఇతర జన్యువులను నియమించును. పదమూడవదానిపై ఫాక్స్-ఓ-1 అను మరొక జన్యువు కలదు. ఒకానొక కణమున ఈ రెండు క్రోమోసోములును తెగి, ఒకదాని తునక వేరొకదానికి అతుకుకొనును. అంతట పాక్స్-3 మొదటి భాగమును, ఫాక్స్-ఓ-1 చివరి భాగమును కలిసి ఒకే జన్యువగును. ఒకరి చిరునామాగల కవరులో మరొకరి ఆజ్ఞాపత్రము చొప్పించినట్లే ఇది. చేరవలసిన చోటులను మొదటి భాగము ఎరుగును. అచ్చటి జన్యువులను రెండవది మితిమీరి మేల్కొల్పును. ఆ కణము ముదిరి కండరము కానేరదు, విభజన మానదు. ఈ కలయికను 1993లో గుర్తించిరి. కొందరు రోగులలో పాక్స్-3 స్థానమున, మొదటి క్రోమోసోముపైని పాక్స్-7 ఉండును.

సూక్ష్మదర్శినిలో ఆల్వియోలార్ రకముగా కనబడినను, ఈ కలయిక లేని వ్యాధి, అంత తీవ్రముకాని ఎంబ్రియోనల్ రకమువలెనే నడచును. కనుక కంటిచూపు చాలదు. గడ్డనుండి తీసిన తునకలో ఈ కలయికను వెదకి, ఆ ఫలితమును బట్టి చికిత్స తీవ్రతను నిర్ణయింతురు. ఆ చికిత్స నేటికిని మందులు, శస్త్రము, కిరణములే. ఈ సంకర జన్యువునే అణచు ఔషధము ఇంకను వాడుకలోనికి రాలేదు.

ఇక వంశపు మాట. ఈ అతుకు బిడ్డ శరీరములోని కణమున పుట్టినది. తల్లిదండ్రులనుండి సంక్రమించినది కాదు. మేనరికమునకును దీనికిని సంబంధము లేదు. అయితే అపవాద మొకటి కలదు. 1969లో లీ, ఫ్రామెని అను అమెరికా వైద్యులు, ఈ క్యాన్సరు గల పిల్లల కుటుంబములు కొన్నింట స్తన క్యాన్సరు మున్నగునవి చిన్నవయసుననే వచ్చుట గమనించిరి. టీపీ-53 అను జన్యువునందలి లోపము దీనికి కారణమని 1990లో తేలినది. ఇది మాత్రము వంశానుగతమే. అట్టి కుటుంబచరిత్ర యున్నచో వైద్యులు రక్తపరీక్ష కోరుదురు. ఈ రెండు పరీక్షలును వేరు: మొదటిది గడ్డను గూర్చినది, రెండవది వంశమును గూర్చినది.