కొండవీటి చాంతాడు, కోటయ్య చేద

ఉపన్యాసం సాగితే కొండవీటి చాంతాడంత అంటాం. ఇమ్మిగ్రేషన్ దగ్గర క్యూ కనిపించినా అదే మాట. ఊరు చూడనివాళ్ళ నోట కూడా ఆ ఊరి తాడు ఆడుతూనే ఉంటుంది. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలో ఉంది ఆ కొండవీడు. అక్కడి బావులు అంత లోతట, నీళ్ళు తోడడానికి అంత పొడుగు తాడు కావలసి వచ్చేదట. చేదకు కట్టే తాడు చేంతాడు. జనం నోట నలిగి చాంతాడు అయింది.

అదే సీమలో మరో మాట ఉంది. శివరాత్రికి కోటప్పకొండ దారి పట్టినవాళ్ళ నోట వినిపిస్తుంది: "చేదుకో కోటయ్యా, చేదుకో!" రక్షించు అనో కాపాడు అనో కాదు, చేదుకో. బావిలో నీళ్ళను తోడుకున్నట్టు నన్ను పైకి తోడుకో అని. కొండవీటి పొలాల్లో పుట్టి అమెరికా దాకా వచ్చినవాణ్ణి, ఈ రెండు మాటలూ ఒకే బావి దగ్గర పుట్టాయని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఒకటి తాడు, రెండోది చేద.

మా అమ్మమ్మగారింట్లో గిలక బావి ఉండేది. ఒర మీద రాయికి తాడు ఒరుసుకుని వేలెడు లోతు గాట్లు పడ్డాయి. చేద వదిలినప్పుడు తాడు తేలిగ్గా జారిపోతుంది. నీళ్ళను తాకగానే ఒక్క క్షణం సడలుతుంది. ఓపిక పట్టి ఒకసారి అటూ ఇటూ ఆడిస్తే చేద ఒరుగుతుంది, మునుగుతుంది, తాడు చేతిలో బరువెక్కుతుంది. అప్పుడు లాగాలి. నేను ఆ బరువు రాకముందే లాగేవాణ్ణి. "ఒరే అబ్బాయ్, నిండనీయరా ముందు! నిండాక కూడా గుంజొద్దు, సగం బావికే పోతుంది" అనేది అమ్మమ్మ. ధ్యానం గురించి ఆ తరవాత చాలా విన్నాను, డబ్బు కట్టి కూడా విన్నాను. ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు.

కొండవీటి నీడలో

కొండవీడు రెడ్డిరాజుల రాజధాని. 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో మొదలుపెట్టిన రాజ్యం అనవోతారెడ్డి నాటికి ఈ కొండకు చేరింది. 1424 దాకా సాగింది. తరవాత గజపతులు వచ్చారు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కోట పట్టుకున్నారు. ఆపైన గోల్కొండ నవాబులు, ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు. ఇందరు ఇంత కష్టపడి పట్టుకున్న కోటలో ఇప్పుడు బురుజులు, చెరువులు, సీతాఫలం చెట్లు ఉన్నాయి. ఘాట్ రోడ్డు పడ్డాక ఆదివారాలు కార్లు ఎక్కుతున్నాయి.

రాజులు పోయినా కొండ చుట్టూ దేవుళ్ళు మిగిలారు. వాళ్ళలో ఒక విచిత్రం ఉంది. కొండ కింద చెంఘిజ్‌ఖాన్‌పేటలో వెన్నముద్ద పట్టుకుని దోగాడే బాలకృష్ణుడు ఉన్నాడు. ఖాను పేరున్న ఊళ్ళో కృష్ణుడి గుడి. ఆ పక్క ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం. ఏటా జులైలో అక్కడి కార్మెల్ మాత తిరునాళ్ళకు కొండవీటి పల్లెలూ కదులుతాయి. నరసరావుపేట అవతల కోటప్పకొండ మీద పన్నెండేళ్ళ వటువుగా కూర్చున్నాడని చెప్పుకునే దక్షిణామూర్తి. కత్తులతో ఏలిన సీమ చివరికి ముగ్గురు పసివాళ్ళ చేతిలో పడింది. ముగ్గురిలో మన సంఘం సంచిక కోసం నేను ఎంచుకున్నది మూడోవాణ్ణి. ఎందుకంటే ఆయన చేసే పని ఒక్కటే, కదలకుండా కూర్చోవడం. అయినా ఆయన చుట్టూ కదిలినంత జనం ఈ జిల్లాలో మరెవరి చుట్టూ కదలరు.

మూడు శిఖరాలు

కోటప్పకొండను ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి. అందుకే త్రికూటాచలం, స్వామి త్రికోటేశ్వరుడు. జనానికి మాత్రం ఎల్లమంద కోటయ్య, కోటప్ప. మా చుట్టుపక్కల కోటయ్య, కోటేశ్వరరావు, కోటేశ్వరమ్మ లేని ఇల్లు వెతకాలి. ఇక్కడి అమెరికా ఆఫీసుల్లో "కోటి" అని పిలిపించుకునే ఇంజనీర్లను ఊరు అడగండి. సగం మంది నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండ అంటారు.

దక్షయజ్ఞం తరవాత సతీవియోగంలో ఉన్న శివుడు పసివాడై ఈ కొండ మీద తపస్సులో కూర్చున్నాడని స్థలపురాణం. ఆ చోటు రుద్రశిఖరం, పాత కోటయ్య గుడి అక్కడే. విష్ణుశిఖరం మీద పాపవిమోచనేశ్వరుడు. ఇప్పుడు పూజలు జరిగే పెద్ద గుడి బ్రహ్మశిఖరం మీద ఉంది. స్వామి పైశిఖరం విడిచి ఇక్కడికి ఎందుకు వచ్చాడు అన్నదానికి ఒక ఆడపిల్ల కథ చెబుతారు.

ఆమె ఆనందవల్లి. యాదవుల అమ్మాయి, అందరికీ గొల్లభామ. రోజూ రుద్రశిఖరం ఎక్కి అక్కడ జంగమయ్య రూపంలో ఉన్న స్వామికి పాలు సమర్పించేది. ఆమె భక్తిని పరీక్షించడానికి స్వామి ఆమెను గర్భవతిని చేశాడంటారు. అయినా సేవ మానలేదు. నెలలు నిండాయి, ఎక్కలేకపోయింది. "నేను రాలేను, నువ్వే దిగిరా తండ్రీ" అంది. "నీ వెనకే వస్తాను, తిరిగి చూడకు" అన్నాడాయన. బ్రహ్మశిఖరం దగ్గరకు వచ్చేసరికి వెనక పెద్ద అలికిడి. ఆమె తిరిగి చూసింది. ఆయన అక్కడే గుహలోకి వెళ్ళి లింగమయ్యాడు. మెట్ల దారిలో గొల్లభామ గుడి ఉంది. ముందు ఆమెకు దణ్ణం పెట్టి తరవాత కోటయ్య దగ్గరకు వెళ్ళడం ఆనవాయితీ.

ఈ కథను తప్పు చేసిన భక్తురాలి కథగా నేను చదవను. ఆమె పిలిస్తే ఆయన దిగాడు. పూర్తిగా దిగలేదు, సగం దిగాడు. మిగతా సగం మనం ఎక్కాలి. కోటప్పకొండ గుడి ఉన్న చోటే ఆ ఒప్పందం. భక్తుడు కింద నుంచి, దేవుడు పై నుంచి వచ్చి కలుసుకునే మజిలీ అది. ఆ మజిలీని ఏర్పరిచింది పండితులు కాదు, పాల కుండ మోసిన పిల్ల.

పెళ్ళి లేని దేవుడు

మన శివాలయాల్లో శివరాత్రి అంటే కల్యాణం. కోటప్పకొండలో కల్యాణం లేదు. స్వామి బ్రహ్మచారి, అమ్మవారు లేరు. ధ్వజస్తంభం కూడా ఉండదు. దక్షిణామూర్తి అంటే మర్రి చెట్టు కింద కూర్చుని, ముసలి శిష్యులకు మాట్లాడకుండా బోధించే పడుచు గురువు. బొటనవేలు చూపుడువేలును తాకించి పట్టిన చిన్ముద్రే ఆయన పాఠం. కొండ మీద కాకి వాలదని కూడా ఒక నమ్మకం. గొల్లభామ మోసుకొచ్చిన కుండను కాకి ఒలకబోస్తే ఆమె శపించిందట. కాకి గోల కూడా లేని కొండ అన్నమాట.

ఇక శివరాత్రినాడు వెళ్ళి చూడండి. మాఘ బహుళ చతుర్దశి రాత్రి కొండ కింద ఉన్నంత చప్పుడు తెలుగునాట మరో చోట వినలేరు. జనరేటర్ల హోరు, డప్పులు, మైకులు, చెరకు గడల బేరాలు, తప్పిపోయిన పిల్లల పేర్లు. రాష్ట్ర పండుగ కాబట్టి బస్సులు, బందోబస్తు. మౌనమే పాఠమైన దేవుడికి ఇంత గోల ఎందుకు? ఈ ప్రశ్న చిన్నప్పుడు నన్ను వేధించేది. జవాబు ప్రభ దగ్గర దొరికింది.

ప్రభ నిలబడేది దేని మీద

ప్రభ చూడనివాళ్ళకు చెప్పాలంటే, శివరాత్రికి ఊళ్ళవాళ్ళు కొండకు తోలుకొచ్చే, బండి మీద నిలువుగా లేచిన వెలుగు గోడ. టేకు దూలాలు, వెదురు బొంగులతో చట్రం కట్టి, రంగు గుడ్డలు, కాగితాలు తొడిగి, వేల బల్బులు బిగిస్తారు. పెద్దవి ఎనభై, తొంభై అడుగులు లేస్తాయి. కావూరు, మద్దిరాల, పురుషోత్తమపట్నం, కమ్మవారిపాలెం లాంటి ఊళ్ళు ప్రభలకు పెట్టింది పేరు. ఒకప్పుడు ఎడ్లు లాగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు. దారిలో కరెంటు తీగలు అడ్డం వస్తే సరఫరా ఆపి, తీగలు తప్పించి దారి ఇస్తారు. మొక్కున్న ఇళ్ళవాళ్ళు చిన్న ప్రభలు కూడా కట్టుకుని వెళతారు.

జనం చూసేది లైట్లను. ప్రభ కట్టినవాళ్ళు చూసేది మోకులను. శిఖరం నుంచి నాలుగు వైపులా లావు తాళ్ళు దిగుతాయి, ఒక్కో తాడుకు పదిమంది. గుంటలో చక్రం దిగితే ప్రభ ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఎదుటి పక్క మోకు బిగించాలి, ఇటు పక్క వదలాలి. ఒక్కడు తొందరపడి గుంజినా, ఒక్కడు ఏమరినా అంత ఎత్తు చట్రం కూలుతుంది. నేను ఒకసారి మోకు పట్టుకున్నాను, ఇంటర్ చదివే రోజుల్లో. పక్కవాడి ముఖం చూడలేదు, పేరూ అడగలేదు. తాడులో వచ్చే బిగువును బట్టి అవతలి పక్క నలభై అడుగుల దూరంలో ఉన్నవాడు ఏం చేస్తున్నాడో అరచేతికి తెలిసింది. ఆ రెండు గంటల్లో నాకు నా గురించి ఒక్క ఆలోచన కూడా రాలేదు. ఎవరి పొలం ఎంత, ఎవరు ఏ కులం, ఎవరిది ఏ పార్టీ అన్నదీ ఆ కాసేపు తాడు దాకా రాలేదు. కింద ఇంత గోల ఉన్నా మోకు పట్టినవాడి లోపల మౌనమే. పైన కూర్చున్న కుర్రవాడు చెప్పే పాఠం కింద ఇలా అమలవుతుంది.

అంతా బంగారమని చెప్పను. ప్రభల మధ్య ఎత్తుల పోటీ ఉంది, ఊరి పంతాలు ఉన్నాయి. దేవుడి బొమ్మ కంటే నాయకుల ఫ్లెక్సీలు పెద్దవయ్యాయి. ప్రభల ముందు డాన్సులు చూసి ముఖం తిప్పుకునే పెద్దలు ఉన్నారు. కొండవీటి రెడ్ల వంశంవాడని జనం చెప్పుకునే వేమనను తీసుకొచ్చి ఇక్కడ నిలబెడితే చీవాట్లు తప్పవు. ఆ వంశం సంగతి పరిశోధకులు అందరూ ఒప్పుకోరు గానీ, రాళ్ళకు మొక్కి మనసును వదిలేసేవాళ్ళను ఆయన ఏకేసిన మాట నిజం. ఆ చీవాట్లు పడవలసినవే. పడ్డాక మళ్ళీ మోకు పట్టుకోవాలి.

జాగారం

కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు తరవాతి కాలంలో శివరాత్రి మాహాత్మ్యం రాశాడు. అందులో నాయకుడు సుకుమారుడు పుణ్యాత్ముడు కాడు, దారి తప్పినవాడు. తెలియకుండా చేసిన ఒక్క జాగారం అతణ్ణి గట్టెక్కిస్తుంది. తిరునాళ్ళలో మేలుకున్న లక్షలమందిలో మంత్రం తెలిసినవాళ్ళు ఎందరు? చెరకు నమిలి, అరిసె ప్రసాదం చేతపట్టుకుని, ప్రభ నీడలో తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళే ఎక్కువ. కవిసార్వభౌముడు వాళ్ళ పక్షాన తీర్పు ఎప్పుడో రాసిపెట్టాడు.

శాస్త్రం కూడా ఈ దారిలో కొంత దూరం వచ్చింది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీకి చెందిన లూసియానో బెర్నార్డి బృందం ఒక పరిశోధన ప్రచురించింది. 23 మందిచేత ఒకసారి క్రైస్తవ జపమాల ప్రార్థన, ఒకసారి యోగమంత్రం చెప్పించి చూశారు. రెండింటిలోనూ ఊపిరి నిమిషానికి దాదాపు ఆరుసార్లకు నెమ్మదించింది, గుండె లయ దానితో కుదురుకుంది. ఇది చదివినప్పుడు నాకు ఇటలీ గుర్తుకు రాలేదు. ఫిరంగిపురంలో జపమాల తిప్పే అవ్వ, కోటప్పకొండ మెట్ల మీద పంచాక్షరి చెప్పుకుంటూ ఎక్కే తాత గుర్తుకొచ్చారు. ఇద్దరూ కొండవీటి మీదుగా వీచే గాలినే, అదే లెక్కన పీలుస్తున్నారు.

ఇక్కడ మనం

ఇక్కడ శివరాత్రి చాలాసార్లు పనిరోజు వస్తుంది. సాయంత్రం గుడికి వెళ్ళి, క్యూలో పాలు పోసి, పార్కింగ్ దొరికినందుకు సంతోషించి ఇంటికొస్తాం. ధ్యానం ఫోన్‌లో ఉంది, చెవుల్లో బుడిపెలు పెట్టుకుని పది నిమిషాలు. తప్పేమీ లేదు, నేనూ చేస్తాను. కానీ అది ఒక్కడే తోడుకునే బావి. తాడు అవతలి కొసన ఎవరూ ఉండరు.

మన పెద్దలు ధ్యానాన్ని అలా ఒంటరిగా వదలలేదు. కొండ మీద మౌనం పెట్టారు, కింద తిరునాళ్ళ పెట్టారు, రెండింటికీ మధ్య మెట్లు కట్టారు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించిన ప్రోలయ వేమారెడ్డిని ఇవాళ్టికీ తలుచుకుంటున్నాం, ఆయన గెలిచిన యుద్ధాలను కాదు.

కాబట్టి మన సంఘానికి నా విన్నపం ఒకటే. వచ్చే శివరాత్రికి దగ్గరి శనివారం, పిల్లలచేత అట్టలతో, వెదురుతో ఒక చిన్న ప్రభ కట్టిద్దాం. పది అడుగులు చాలు. నాలుగు తాళ్ళు కట్టి నాలుగు వైపులా వాళ్ళచేతే పట్టిద్దాం, మైకు ఆపేసి ఒక్క పావుగంట నడిపిద్దాం. ఆ తరవాత ఊరు వెళ్ళినప్పుడు కొండవీడు చూపించి, అట్నుంచి కోటప్పకొండకు తీసుకెళ్ళండి. ఘాట్ రోడ్డు ఉన్నా సరే, మెట్ల దారినే ఎక్కండి. ముందు గొల్లభామకు దణ్ణం పెట్టించండి.