ఆంగ్లబోధనమున సంభాషణాభ్యాసము: అవధానము చూపు మార్గము

1911లో ఏర్పడిన చిత్తూరు మండలము మొదటినుండియు ద్విభాషాసీమ. 1960లో తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినను, 2022లో మండలమే విభక్తమైనను ఈ లక్షణము మాఱలేదు. నగరి, సత్యవేడు ప్రాంతముల బాలబాలికలు పలువురు ఇంట తెలుగును, అంగడిలో తమిళమును తడబాటు లేక మాటాడుదురు. ఆ తమిళమును వారికెవ్వరును పాఠముగా చెప్పియుండలేదు. అట్టివారే ఆంగ్లమును ఏండ్లకొలది చదివియు, పదునాలుగేండ్ల ప్రాయమున రెండు వాక్యముల యుత్తరము చెప్పుటకు జంకుదురు. కళాశాలకు వచ్చినపిదప ఈ జంకే వారిని వెనుకబల్లలకు త్రోయుచున్నది. ఇది బుద్ధిలోని కొఱతయా, బోధనలోని కొఱతయా యని ఇచ్చట విచారింతుము.

తరగతిలో ఉపాధ్యాయుడు విద్యార్థి పేరడుగును. ఆ పేరు ఆయనకు ముందే తెలియును. పాఠముపై ప్రశ్న వేయును. సమాధానము పుస్తకముననే యున్నది. అడుగువానికి తెలిసినదానినే మరల చెప్పుట పరీక్ష యగును గాని సంభాషణము కాదు. అంగడిలో ధర యడుగు బాలునకు ధర నిజముగా తెలియదు, తెలిసికొనక తీరదు. మాటకు మూలము ఈ వెలితియే.

ఈ విషయమును 1979 మొదలు 1984 వఱకు ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు, మదరాసు మొదలగు చోట్ల పాఠశాలలలో ప్రయోగించి చూచిరి. వ్యాకరణక్రమమును గాక, విద్యార్థులు చేయవలసిన పనులనే ఆయన పాఠ్యప్రణాళికగా గైకొనిరి. మనస్సు అర్థముపై నిలిచినపుడే భాషారూపము పట్టుపడునని ఆయన మతము. పనులయందలి వెలితిని ఆయన మూడు విధములుగా విభజించిరి. ఒకరి చేత బస్సుల వేళలును, మఱియొకరి చేత ప్రయాణికుని యవసరములును ఉన్నచో అది సమాచారపు వెలితి. ఆ రెంటిని కలిపి, చిత్తూరున బయలుదేరి తిరుమల దర్శనము చేసికొని రాత్రికి ఇల్లు చేరు మార్గమును నిర్ణయించుట తర్కపు వెలితి. ఉన్న పొలమున మామిడి నాటుటయా, పాడిపశువులను పెంచుటయా యని వాదించుట అభిప్రాయపు వెలితి.

ఈ సూత్రము మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. అష్టావధానమున పృచ్ఛకుడేమి యడుగునో అవధానికి తెలియదు. అవధాని యేమి చెప్పునో సభకు తెలియదు. ఈ ప్రక్రియను ఆంగ్లతరగతికి ఇట్లు మలచుకొనవచ్చునని మేము తలచుచున్నాము. విద్యార్థులను నలుగురేసిగా కూర్చుండబెట్టవలెను. ఒకరు తిరుపతి గంగమ్మజాతరలో తాము చూచిన వేషములను వర్ణింతురు. రెండవవారు అప్రస్తుతప్రసంగివలె నడుమ సంబంధములేని ప్రశ్న వేయుదురు. వక్త దానికి బదులిచ్చి, విడిచినచోటికే మరలవలెను. మూడవవారు నిషిద్ధాక్షరిలో అక్షరమును నిషేధించునట్లు, వక్తకు అలవాటైన ఒక మాటను నిషేధింతురు. వక్త వేఱొక మాటను వెదకికొనక తప్పదు. నాలుగవవారు కడపట ధారణవలె విన్నదంతయు తిరిగి చెప్పుదురు. పిదప పాత్రలు మాఱును.

అరువదిమంది గల తరగతిలో ఇది కోలాహలమగునని కొందఱు శంకింపవచ్చును. కాని వేదికపై ఒక్కరు మాటాడి తక్కినవారు మౌనముగా నుండు పద్ధతికంటె, పది నిమిషములలో పదునైదు గుంపులు మాటాడుట మేలు. కౌమారమున నవ్వులపాలగుదుమను భయము మెండు; నలుగురిలో ఆ భయము తగ్గును. ఏమి చెప్పవలెనో ఆలోచించుకొనునపుడు తెలుగును నిషేధింపరాదు. వాక్యమధ్యమున తప్పు దిద్దుటయు తగదు. హల్లుతో ముగియు ఆంగ్లపదమునకు మన యలవాటుచొప్పున అచ్చు చేర్చి పలుకుట మొదలగు దోషములను ఉపాధ్యాయుడు గుర్తించియుంచుకొని, పని ముగిసినపిదప, ఎవరి పేరును ఎత్తక, అందఱికిని చెప్పవలెను.

కావున కొఱత విద్యార్థి బుద్ధియందు లేదు. అంగడి తమిళమునకు కల్పించిన యవసరమును తరగతి ఆంగ్లమునకు కల్పింపలేదు. దానిని కల్పించుటకు వలసిన సాధనము మన సభలయందే యున్నది.