స్టవ్ తనంతట తానే ఆగిపోతే

మే నెలలో ముండ్లమూరు ఎండ ఎట్లా వుంటుందో దర్శి వైపు వారికి నేను చెప్పనక్కరలేదు. అటువంటి ఒక మధ్యాహ్నం అక్కడ మా పిన్ని వంటింట్లో పప్పు సగం వుడికి ఇండక్షన్ స్టవ్ ఆగిపోయింది. అద్దం పక్కన ఏదో అక్షరమూ, అంకే మెరుస్తున్నాయి. కాసేపు ఆగితే వెలిగింది. మళ్ళీ ఆగింది. రిపేరు కుర్రవాడు వచ్చి, “లోపలి సెన్సరు తీసి దాని జాగాలో చిన్న రెసిస్టరు పెడతా, ఇంక ఆగదు పిన్నీ” అన్నాడు. నా గుండె ఝల్లుమంది.

ఎందుకంటారా? ఆ స్టవ్ లో అద్దం అడుగున ఒకటి, పెద్ద ట్రాన్సిస్టరుకు తగిలించిన అల్యూమినియం రెక్కల దగ్గర ఒకటి, మిరియపు గింజంత థర్మిస్టర్లు వుంటాయి. వేడెక్కే కొద్దీ వాటి నిరోధం తగ్గుతుంది. అది చూసుకుని, హద్దు దాటగానే కరెంటు ఆపేది ఐ.సి. అనే చిన్న సిలికాన్ ముక్క. సెన్సరు స్థానంలో రెసిస్టరు పెడితే ఆ ఐ.సి.కి ఎప్పుడూ “చల్లగానే వుంది” అనే కబురే అందుతుంది. ఖాళీ గిన్నె మాడిపోతున్నా సరే! కుక్కరు సేఫ్టీ వాల్వుకు మేకు కొట్టడం లాంటిదే గదా ఇది.

వేడిని తానే పసిగట్టే ఐ.సి.లూ వున్నాయి. సిలికాన్ ట్రాన్సిస్టరుకు ఒక గుణం వుంది. కరెంటు మార్చకుండా వుంచితే, దాని బేసుకూ ఎమిటరుకూ మధ్య వోల్టేజి ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. ఈ గుణంతోనే ఐ.సి.లు వేడిని కొలుస్తాయి. ఎల్.ఎం.35 అనేదయితే లెక్క మరీ సులువు చేసింది: డిగ్రీకి 10 మిల్లీవోల్టులు. 42 డిగ్రీలుంటే 420. అమెరికాలో బాబ్ విడ్లార్ అనే ఇంజనీరు 1970 ప్రాంతంలోనే ఎల్.ఎం.109 అనే వోల్టేజి రెగ్యులేటరులో, మితిమీరి వేడెక్కితే తనను తానే ఆపుకునే ఏర్పాటు పెట్టాడు. మన చేతిలోని సెల్ ఫోను ఎండలో చార్జింగ్ ఆపేసేదీ ఈ జాగ్రత్త కోసమే. చాలా లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదు. దాన్ని దిండు కింద పెట్టి చార్జి చేసే పిల్లల్ని మాత్రం మందలించాల్సింది మనమే.

ఇంతకీ పిన్ని స్టవ్ కు వచ్చిన జబ్బేమిటి? నూనె మరకలు పడకుండా కింద పాత పేపరు పరిచింది. అడుగున వున్న ఫ్యాను గాలితోపాటు ఆ కాగితాన్నీ లాక్కుని అతికించుకుంది. ఇక లోపలికి గాలేదీ? పైగా వంట కాగానే ప్లగ్గు పీకేసే అలవాటొకటి. స్విచ్చి ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరిగి లోపలి వేడిని బయటికి పంపాలి, అంతదాకా ప్లగ్గు జోలికి పోకూడదు.

పేపరు తీసేసి, స్టవ్ ను గోడకు జానెడు ఎడంగా జరిపాం. పప్పు వుడికింది. కుర్రవాడికి మజ్జిగ ఇచ్చి, సెన్సరు మాటెత్తవద్దని చెప్పి పంపాం.