దూరదర్శినికి తగిన పీఠము

నందవరములో నిర్మలమైన ఒక రాత్రి ఊరి వెలుపలికి పోయి ఉత్తరదిశకు తిరిగి నిలువుడు. చేయి బారజాచి, పిడికిలి బిగించి, నేలయు ఆకాశమును కలిసినట్లు కనబడు చోట దానిని ఆనించి చూడుడు. ఆ పిడికిలి ఇంచుమించు 10 డిగ్రీల ఎత్తును కప్పును. ఒకటిన్నర పిడికిళ్లకు కొంచెము పైగా ఒంటరిగా నున్న చుక్కయే ధ్రువనక్షత్రము. ఈ గ్రామము భూమధ్యరేఖకు ఉత్తరముగా దాదాపు 16 డిగ్రీలలో నున్నది గనుక ధ్రువుడును ఇక్కడ అంత ఎత్తుననే యుండును. గ్రహములకు ఛాయాచిత్రములు తీయగోరువారు దూరదర్శినిని బేరమాడుటకు ముందే ఈ ఎత్తును గుర్తుంచుకొనవలెను.

ఎందుకనగా ఆకాశమంతయు ధ్రువుని చుట్టు తిరుగుచున్నట్లు మనకు తోచును. నిజమునకు తిరుగుచున్నది భూమి. దాని వేగము గంటకు 15 డిగ్రీలు. డిగ్రీలో 60వ వంతునకు కల యనియు, కలలో 60వ వంతునకు వికల యనియు మన జ్యోతిశ్శాస్త్రమున పేళ్లు. ఈ లెక్కను గ్రహములు సెకనుకు ఇంచుమించు 15 వికలలు జరుగును. గురుగ్రహము యొక్క బింబము సాధారణముగా 45 వికలలకు అటునిటుగా నుండును. అనగా గురుడు ప్రతి మూడు సెకనులకు తన వెడల్పు మేర జరిగిపోవుచున్నాడు! వట్టి కంటికి ఈ నడక తెలియదు. అయితే దూరదర్శిని బింబమును 200 రెట్లు పెంచినచో నడకను గూడ 200 రెట్లు పెంచును. గాలికి గొట్టము వణకిన వణకును సైతము అన్ని రెట్లు పెంచును. కెమేరా ఫలకముపై నాలుగు కలల మేర ఆకాశమే పట్టుననుకొందము. కదలని దూరదర్శినిలో గురుడు ఆ ఫలకమును ఈ చివర నుండి ఆ చివరకు 16 సెకనులలో దాటిపోవును.

దీనికి ఉపాయమును ధ్రువుడే చూపుచున్నాడు. పీఠములోని ఒక ఇరుసును ధ్రువుని వైపు గురిపెట్టి, ఆ ఇరుసు చుట్టు దూరదర్శినిని భూమి వేగముతోనే ఎదురుదిశకు త్రిప్పినచో గ్రహము చూపులో నిలిచిపోవును. 23 గంటల 56 నిమిషముల 4 సెకనులకు ఒక చుట్టు తిరిగిన చాలును. ఒక్క ఇరుసు, ఒక్క వేగము. ఇట్టి దానిని ధ్రువాక్ష పీఠమందము.

మన తెలుగు నేలపై ఇట్టి పీఠము కొత్తది కాదు. విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావుగారు 1840లో సొంత వేధశాలను నెలకొల్పిరి. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874లో ఇంగ్లండులోని యార్కు నగరమున కుక్కు సంస్థవారు చేసిన ఆరంగుళముల దూరదర్శినిని ధ్రువాక్ష పీఠముతో సహా సమకూర్చుకొనిరి. ఆ యేడు డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా పోవుటను ఆయన పరిశీలించిరి. యార్కులో ధ్రువుని ఎత్తు 54 డిగ్రీలు. విశాఖలో 18 డిగ్రీలకు లోపు. అచ్చటి పనివారు తమ ఊరికి చేసినట్లే చేసి పంపినచో ఆ ఇరుసు ఇచ్చట ఆకాశములో ఏ మూలకో చూచెడిది!

హైదరాబాదు కథ మరియొకటి. నవాబు జఫర్‌జంగు గారు తెప్పించిన 15 అంగుళముల గ్రబ్బు దూరదర్శిని తోడనే నిజామియా వేధశాలకు 1901లో అంకురార్పణ జరిగెను. ఆ దూరదర్శిని స్థాపింపబడినది 1922లో. పెద్ద గాజును సంపాదించుట ఒక పని, దానిని నిలబెట్టుట వేరొక పని. ఉదకమండలమున 1970లో సిద్ధమైన రేడియో దూరదర్శినికి 530 మీటర్ల పొడవు. అంతటి దానిని ఏ పీఠము మోయగలదు? అచ్చటి అక్షాంశము 11 డిగ్రీలు. అంతే వాలు గల కొండచరియను వెదకి, దానిపై ఉత్తర దక్షిణములుగా దానిని నిర్మించిరి. కొండయే పీఠమైనది.

ఇక బరువు సంగతి. దర్పణపు వెడల్పును రెట్టింపు చేసినచో అది పట్టు వెలుగు నాలుగు రెట్లగును. అన్ని కొలతలును అదే పాళ్లలో పెంచినచో బరువు ఎనిమిది రెట్లగును. గొట్టమును లావెక్కుట వలన బరువు ఇరుసునకు రెండింతలు దూరమగును. కావున ఇరుసును వంచు బలము పదునారు రెట్లు. కొనువారు మరచునది ఇదియే. రెండవ వైపున ఎదురుబరువు కట్టుట ఏతము వంటి ఏర్పాటు. 12 కిలోల గొట్టము ఇరుసునకు 25 సెంటీమీటర్ల దూరమున నుండగా, 5 కిలోల ఇనుపగుండు 60 సెంటీమీటర్ల దూరమున నున్న చాలును. రెండు లబ్ధములును 300 అగును. తూకము కుదిరినచో మోటారునకు శ్రమ యుండదు. కాని తూకము కుదిరినంత మాత్రమున వణకు పోదు. దానికి పీఠము సహజముగనే దృఢమై యుండవలెను.

గ్రహములను తీయువారికి ఒక సౌకర్యము కలదు. మసకగా నుండు నెబ్యులాలను తీయవలెనన్న గంటల తరబడి తప్పటడుగు లేక అనుసరింపవలెను. గ్రహములు కాంతివంతములు. ఒక్కొక్క చిత్రమునకు సెకనులో స్వల్పభాగము చాలును. కెమేరా రెండు మూడు నిమిషములలో వేలకొలది చిత్రములు తీయును. గాలి చలనము వలన చెదరిన వానిని కంప్యూటరు త్రోసివేసి, స్పష్టమైన వానిని ఒకదానిపై నొకటి పేర్చును. గురుడు పది గంటల లోపుననే తన చుట్టు తాను తిరుగును గనుక అంతకన్న ఎక్కువసేపు తీసినను మచ్చలు అలుకుకొనిపోవును. కావున పీఠము యొక్క నడక కొంచెము తప్పినను నష్టము లేదు; వణకరాదు. తయారుచేసినవారు చెప్పిన మోతబరువులో నెబ్యులాలకు సగమే మోపుట మేలు. గ్రహములకు ముప్పాతిక వరకు మోపవచ్చునని నా అభిప్రాయము.

పరీక్ష సులభము. గ్రహమును చూచుచు గొట్టమును వ్రేలితో మెల్లగా తట్టుడు. బింబము ఒకటి రెండు సెకనులలో కుదుటపడినచో పీఠము మంచిది. ఐదారు సెకనులు ఊగుచున్నచో గొట్టమెంత గొప్పదైనను దానికా పీఠము చాలదు. చేతిలోని సొమ్ము పరిమితమైనపుడు గొట్టమును ఒక మెట్టు తగ్గించి పీఠమును ఒక మెట్టు పెంచుడు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. చల్లని దేశములకై చేసిన పీఠములలో కొన్ని 20 డిగ్రీల దిగువకు వంగవు. వంగినను ఎదురుబరువు కడ్డీ ముక్కాలిపీట కాలికి తగులవచ్చును. కొనునపుడే 16 డిగ్రీలకు వంచి, చుట్టు త్రిప్పి చూడవలెను. అయినను మనకు కలిగిన భాగ్యము చిన్నది కాదు. గురుడు ధనూరాశిలో నున్నపుడు యార్కులో 13 డిగ్రీల ఎత్తునకు మించి రాడు. దట్టమైన గాలిలో బింబము ఉడుకుచున్నట్లు కదలును. నందవరములో అదే గురుడు 51 డిగ్రీల ఎత్తున నిలుచును.

చోటు విషయమున మిద్దె పనికిరాదు. పగటి వేడిని రాత్రి వెలిగ్రక్కును. ఎవరైన నడచినచో కంపించును. నేలపై నిలుపుదమన్న మన నల్లరేగడి వానలకు ఉబ్బి, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును; దానిపై నిలిపిన స్తంభము ధ్రువుని గురి తప్పును. రేగడిని త్రవ్వి క్రింది గట్టినేల దాక పోయి, అచ్చట నుండి కాంక్రీటు స్తంభమును లేపవలెను. చుట్టును జానెడు ఖాళీ విడిచి, మనుష్యులు నిలుచు తిన్నెను స్తంభమునకు తగులకుండ వేరుగా కట్టవలెను.