కామారెడ్డి వచ్చినది

బస్సు నిలిచినంతనే కండక్టరు "కామారెడ్డి వచ్చినది, దిగుండి" అని కేక వేయును. ఎవరును నవ్వరు. ఆ పేరుగల పురుషుడే వచ్చియుండినచో "వచ్చినాడు" అనవలసియుండెను గదా! మహద్వాచకము అమహద్వాచకమైనది, మనిషి ఊరైనాడు. వ్యాకరణము బోధించు మావంటివారికి ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు.

సాధారణముగా వ్యక్తి పేరునకు పేట, పల్లె, గూడెము, పురము వంటి మాట యొకటి చేరి ఊరిపేరగును. ఈ చుట్టుప్రక్కల నాగిరెడ్డిపేట, లింగంపేట అట్టివే. కాని కామారెడ్డి, ఎల్లారెడ్డి, మాచారెడ్డి యను మూడును తోకలేని పేళ్ళు. పేటయు లేదు, పల్లెయు లేదు. మనిషి పేరే ఊరిపేరు.

కామారెడ్డి యనునతడు దోమకొండ సంస్థానమును పాలించిన కామినేని వంశీయుడని జనశ్రుతి. ఆ సంస్థానమునకు మొదటి ముఖ్యస్థానము బిక్కనవోలు, అనగా నేటి బిక్కనూరు. 'ప్రోలు' అనగా పట్టణము; నిడదవోలులో వలె సమాసమున అది 'వోలు' అగును. మన బిక్కనవోలు ఆ వోలును పోగొట్టుకొని 'ఊరు'ను తెచ్చిపెట్టుకొన్నది. పదునారవ శతాబ్దిలో ఆ ప్రాంతపు ప్రభువైన మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము రచించిన కవి. కామారెడ్డి పేర 2016లో జిల్లాయే ఏర్పడినది. మల్లారెడ్డి పేరు సాహిత్యచరిత్ర చదువువారికి మాత్రమే తెలియును. నాకిది కొంచెము కష్టముగానే తోచును.

ఐర్లండు దేశమున 'టౌన్‌లాండు' లను చిన్న చిన్న భూభాగములు 60 వేలకు పైగా కలవు. 1830 తరువాతి దశకమున సర్కారువారు ఆ దేశమును కొలిచి పటములు గీయుచుండగా, జాన్ ఓ డొనవన్ అను పండితుడు ఊరూర తిరిగి, వృద్ధులనడిగి, ఆ పేళ్ళ మూలరూపములను వ్రాసికొనెను. అచటి పేళ్ళలో తరచుగా కనబడు 'బ్యాలీ'కి మూలమైన మాటకు ఊరనియే అర్థము!

మనకట్టి పని మిగిలియే యున్నది. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరు ఎల్లారెడ్డికి సమీపముననే కలదు. ఆ నీట మునిగిన పల్లెల పేళ్ళు, తరలివచ్చినవారి మనుమల నోట నేడెన్ని నిలిచియున్నవో విచారింపవలెను. పొలముల సంగతి మరియు కష్టము. పహాణీకి సర్వే నంబరు చాలును. ఆ చెలకను రైతు ఏమని పిలుచునో దానికక్కరలేదు.

అందుచేత సెలవులలో మా విద్యార్థులను, తాతలను వెంటబెట్టుకొని గట్టుగట్టునకు పేరడిగి వ్రాసికొని రండని పంపితిని. ఒక బాలుడు తెచ్చిన జాబితాలో 'కుమ్మరోని చెలక' అని యున్నది. ఆ యూర కుమ్మరి ఇల్లొక్కటియు లేదట. తాత చిన్నతనమున వాము కాలుచుండగా చూచినాడట.