సూరత్ ఎండలో పొరల పరీక్ష

మే నెల మధ్యాహ్నం సూరత్‌లో వెన్న ముద్దను వంటింటి గట్టు మీద పెడితే చూస్తుండగానే జారిపోతుంది. 32 డిగ్రీల సెల్సియస్ దాటాక వెన్న గట్టిగా నిలవదు. అక్కడి ఎండాకాలమేమో 35 దాటి, కొన్ని రోజులు 40ని తాకుతుంది. సముద్రం దగ్గర కాబట్టి ఉక్కపోత అదనం. క్రోసాంట్‌కు ఉన్న మొదటి షరతే వెన్న కరగకూడదని. అలాంటి క్రోసాంట్‌ను ఆ ఊళ్లో, చిన్న ఓటీజీ ఓవెన్‌తో ఇంట్లోనే చేయాలనుకోవడం పెద్ద పంతమే.

2020 లాక్‌డౌన్‌లో మన దేశంలో ఎన్నో ఇళ్లలో ఓటీజీలు వెలిగాయి. కేకు, కుకీ చేతికొచ్చాక చాలామంది చూపు క్రోసాంట్, మిల్‌ఫాయ్, మాకరోన్, క్రోకెంబుష్‌ల మీద పడింది. ఈ సరదాకు టీవీ పోటీలు ముందే బీజం వేశాయి. 2009లో ‘మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా’ మొదటి సీజన్‌లో పేస్ట్రీ షెఫ్ అడ్రియానో జుంబో తెచ్చిన క్రోకెంబుష్ పోటీదారులకు చెమటలు పట్టించింది. 2010లో మొదలైన ‘ది గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’లో ఒక రౌండ్ ఉంటుంది. కొలతలు ఇస్తారు, చేసే పద్ధతి మాత్రం సగమే చెబుతారు. మిగతాది చేతి అనుభవంతో పూరించుకోవాలి. ఇంట్లో కష్టమైన పేస్ట్రీకి పూనుకున్నవారి పరిస్థితీ అంతే. రెసిపీ రాసింది పారిస్ చలికి, చేసేది సూరత్ వేడిలో. ఆ తేడాను ఎవరికి వారే సరిచేసుకోవాలి.

అసలు కష్టం ఎక్కడుంది? పలచగా వత్తిన పిండి మధ్య వెన్న పలక పెట్టి, మూడు మడతలు వేసి మళ్లీ వత్తుతారు. ఒక్క పలక మొదటి మడతకు 3 పొరలు, రెండోసారికి 9, మూడోసారికి 27 అవుతుంది. క్రోసాంట్‌కు సాధారణంగా ఇక్కడితో ఆపుతారు. పఫ్ పేస్ట్రీకి ఆరుసార్లు మడిస్తే లెక్క 729కి చేరుతుంది. ఓవెన్‌లోకి వెళ్లాక పిండిలోని నీరూ, వెన్నలో 16 శాతం దాకా ఉండే నీరూ ఆవిరవుతాయి. ఆ ఆవిరి బయటికి పోలేక పొరల్ని పైకి నెడుతుంది, ఈలోగా కరిగిన వెన్న వాటిని ఒకదానికొకటి అంటనివ్వదు. ఇదంతా జరగాలంటే వత్తేటప్పుడు వెన్న పగలకుండా, కరగకుండా పిండితోపాటే సాగాలి. అలా సాగేది సుమారు 13 నుంచి 18 డిగ్రీల మధ్యనే. అంతకన్నా చల్లబడితే ముక్కలవుతుంది, వేడెక్కితే పిండిలో ఇంకిపోతుంది.

ఈ సూత్రం తెలుగువారికి కొత్త కాదు. గోదావరి ప్రాంతపు తాపేశ్వరం మడత కాజాలోనూ పలచగా వత్తిన మైదా పొరల మధ్య నెయ్యి పూసి, చుట్టి, కోస్తారు. పొరల్ని విడదీసేది అక్కడా కొవ్వే. ఓవెన్ ఆవిరి బదులు కాగే నూనె, ఆపైన పాకం. సాయంత్రం టీతో తినే ఎగ్ పఫ్, గుజరాత్‌లో పొద్దున చాయ్‌లో ముంచుకునే ఖారీ బిస్కెట్ కూడా ఈ మడతల కుటుంబానివే.

సూరత్‌కు ఓవెన్‌తో పరిచయం చాలా పాతది. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్, డచ్ వర్తక సంఘాలు అక్కడ స్థావరాలు పెట్టుకున్నాయి. నాన్‌పురాలోని దోతీవాలా బేకరీ కుటుంబ కథనం ప్రకారం, డచ్ వారు వెళ్లిపోతూ తమ పొయ్యిని దగ్గర పనిచేసే పార్సీల చేతిలో పెట్టారు. ఫరాంజీ పెస్తోంజీ దోతీవాలా పేరుతో నడిచిన ఆ బేకరీ 1861 నాటిదని చెప్పుకుంటారు. కొనే విదేశీయులు తగ్గిపోయాక మిగిలిన రొట్టెను ఎండబెట్టి అమ్మితే అదే జనానికి నచ్చిందట. నాన్‌ఖటాయీ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే అని సూరత్‌వాసులు గట్టిగా నమ్ముతారు. గుడ్డు లేకుండా, నెయ్యి, చక్కెర, మైదాతో చేసే ఈ బిస్కెట్ పైన పగుళ్లతో గుల్లగా విరుగుతుంది.

నెయ్యి గడ్డకట్టే తీరు తెలిసిన చేతులకు ఆ ఊళ్లో కొదవ లేదు. శరత్ పూర్ణిమ మర్నాడు చాందనీ పడవో పండుగకు సూరత్ అంతా ఘారీ తింటుంది. కోవా, పిస్తా, బాదం పూర్ణాన్ని పలచని పిండిలో చుట్టి, నేతిలో వేయించి, చల్లారాక పైన మళ్లీ నెయ్యి పట్టిస్తారు. ఆ నెయ్యి మరీ వేడిగా ఉంటే జారిపోతుంది, చల్లబడితే గడ్డలు కడుతుంది. సరైన అదను చూసి ముంచితేనే తెల్లటి పొర పట్టుకుంటుంది. సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ నేత కుటుంబాల్లో సంక్రాంతికి సకినాలు చుట్టే చేయి కూడా ఇలాంటిదే. పిండి ఎంత బిగువుండాలో తూకం చెప్పదు, వేళ్లకు తెలియాలి. క్రోసాంట్ అడిగే నేర్పు కూడా ఇదే.

గుడ్డు సంగతి వేరే చిక్కు. సూరత్‌లో శాకాహార, జైన కుటుంబాలు చాలా ఉండటంతో గుడ్డు లేని పేస్ట్రీకే గిరాకీ. పఫ్ పిండికీ, మామూలు క్రోసాంట్ పిండికీ గుడ్డు అక్కర్లేదు. పైన పూసే గుడ్డు బదులు పాలు, మీగడ రాస్తే సరిపోతుంది. మాకరోన్‌కు మాత్రం గుడ్డు తెల్లసొన నురుగే ప్రాణం. 2014లో ఫ్రాన్స్‌కు చెందిన జోయెల్ రోసెల్, కాబూలీ శనగల వంటి గింజలు ఉడికించిన నీళ్లు కూడా గిలక్కొడితే తెల్లసొనలా నురుగు కడతాయని చూపించారు. ఆ నీటిని సగానికి మరిగించి చిక్కబరిస్తే నురుగు గట్టిగా నిలుస్తుంది. శాకాహార వంటింటికి మాకరోన్ దారి తెరిచింది ఈ శనగల నీళ్లే.

ఇక వాతావరణం. జులై, ఆగస్టు వానల్లో మాకరోన్ పైపొర ఆరనే ఆరదు. క్రోకెంబుష్‌ను నిలబెట్టే చక్కెర పాకం కూడా గాలిలో తేమ పీల్చుకుని జిగురవుతుంది. పొరల పిండికి డిసెంబరు, జనవరి ఉదయాలు మేలు. వేసవిలోనే చేయాలంటే గ్రానైట్ గట్టు మీద ఐసు నింపిన స్టీలు పళ్లెం కాసేపు ఉంచి, తుడిచి, వత్తడం మొదలుపెట్టాలి. ప్రతి మడత తర్వాత అరగంట, గంట ఫ్రిజ్‌లో విశ్రాంతి ఇస్తే వెన్న బిగుస్తుంది, పిండి వెనక్కి ముడుచుకోవడం తగ్గుతుంది. ఆకారం చుట్టాక పొంగబెట్టేటప్పుడు 26, 27 డిగ్రీలు దాటనివ్వకూడదు. సూరత్ వేసవి రాత్రులు కూడా తరచూ అంతకన్నా వేడిగా ఉంటాయి కాబట్టి ఏసీ గదే దిక్కు.

మొదటి వాయి దిగాక, చల్లారిన ఒక క్రోసాంట్‌ను అడ్డంగా కోసి చూడాలి. లోపల పెద్ద పెద్ద గదులు విడివిడిగా కనిపిస్తే మడతలు నిలిచినట్టు. బన్నులా ఒకే ముద్దగా ఉంటే వత్తేటప్పుడే వెన్న పిండిలో కలిసిపోయింది. ట్రేలో కరిగిన వెన్న మడుగు కట్టిందంటే పొంగబెట్టిన చోటు మరీ వేడి. పొరలు కొన్నిచోట్ల లేచి, కొన్నిచోట్ల అణిగిపోతే వెన్న గట్టిగా ఉండి లోపల విరిగింది. ఆ రోజు గది ఎంత వేడిగా ఉందో, పిండి ఫ్రిజ్‌లో ఎంతసేపు ఉందో తేదీతో సహా నోటు పుస్తకంలో రాసుకుని, మళ్లీ చేసేటప్పుడు ఏదో ఒక్కటే మార్చి చూస్తే లోపం ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది.